జబ్బు సంగతి దాచితే జైలు శిక్ష వేయాలా?

వేకువ:
తనకు హెచ్‌ఐవీ లాంటి జబ్బు ఉందని తెలిసీ చెప్పకుండా దగ్గరయ్యేవాళ్లకు జైలు శిక్ష పడాల్సిందే. నమ్మినవాళ్లకు చేసే ద్రోహం అది. ఇలాంటి చట్టాలు ఎత్తేయాలనేవాళ్ల వాదన ఏమిటి?

మిణుగురు:
వేకువ గారూ, పగబట్టి అంటించినవాణ్ణి శిక్షించొద్దని నేనూ అనను. గొడవల్లా ఏ హానీ జరగకపోయినా కేసు పెట్టే చట్టాలతోనే. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇలాంటివి 1980లు, 90లలో, జనం భయంతో వణికిపోతున్న రోజుల్లో చేశాయి. ఉమ్మినందుకు కూడా అక్కడ జైలుకెళ్లినవాళ్లున్నారు. ఉమ్మితో హెచ్‌ఐవీ సోకదు!

ఇప్పుడు మందులు క్రమం తప్పకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. అలాంటివాళ్ల నుంచి లైంగికంగా సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందులు వాడుతూ, కండోమ్ వాడని దాదాపు 780 జంటలను పార్ట్‌నర్ అధ్యయనంలో గమనించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

ఈ నేరం రుజువు కావాలంటే నిందితుడికి తన జబ్బు సంగతి ముందే తెలిసి ఉండాలి. అంటే పరీక్ష చేయించుకున్నవాడే దొరుకుతాడు. చేయించుకోనివాడి ఒంట్లో మందు లేదు, వైరస్ ఎక్కువ, అయినా అతని మీద కేసు నిలవదు. గర్భిణులకు ఎలాగూ పరీక్షలు చేస్తారు కాబట్టి చాలా ఇళ్లల్లో ముందు బయటపడేది భార్య సంగతే. జబ్బు భర్త నుంచే వచ్చినా, దాచిందన్న నేరం ఆమె మీదికే వస్తుంది. చెబితే ఇంట్లోంచి గెంటేస్తారేమోనని హడలిపోయే మనిషిని జైలు పేరుతో ఇంకా భయపెడితే ఆమె నోరు విప్పుతుందా?

తూనీగ:
మందులు వాడేవాళ్ల సంగతి సరేనండి. మందులు మానేసి, కండోమ్ లేకుండా, అడిగితే అబద్ధం చెప్పినవాడి సంగతేంటి? రిస్క్ తీసుకోవాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాలి, అతను కాదు. కెనడా సుప్రీంకోర్టు కూడా 2012లో వైరస్ తక్కువగా ఉండి, కండోమ్ కూడా వాడినప్పుడే చెప్పకపోయినా నేరం కాదంది.

మిణుగురు:
అబద్ధం చెప్పి అంటించినవాడికి శిక్ష పడాలండి, అందులో రెండో మాట లేదు. దానికి హెచ్‌ఐవీ పేరుతో వేరే చట్టం ఎందుకు? ఇంగ్లండ్‌లో 1861 నాటి శారీరక హాని చట్టంతోనే కేసులు నడుపుతున్నారు. నిర్లక్ష్యం కేసైతే జబ్బు నిజంగా సోకి ఉండాలి. కాలిఫోర్నియా 2017లో చట్టం మార్చి, కావాలని అంటిస్తే 8 ఏళ్ల దాకా ఉన్న శిక్షను 6 నెలలకు తగ్గించింది, హెచ్‌ఐవీని మిగతా అంటువ్యాధులతో సమానం చేసింది. కావాలని చేసినవాడికి 6 నెలలు తక్కువేనని నాకూ అనిపిస్తుంది. అన్ని జబ్బులకూ ఒకటే చట్టం అన్నది మాత్రం సరైన దారి.

వేకువ:
గర్భిణులకు మినహాయింపు ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ జబ్బు సోకితేనే కేసు అంటే ఒప్పుకోలేను. మోసపోయానని తెలిశాక పరీక్ష ఫలితం కోసం టెన్షన్‌తో నిద్రలేకుండా గడిపిన మనిషికి, చివరికి నెగెటివ్ వచ్చింది కదా, నీకు ఏ హానీ జరగలేదు అని చెప్పగలరా?