స్కోడా ఆక్టావియా ఆర్ఎస్‌కి ముందు బ్రేకు డిస్కులు: చిల్లులవా, స్లాటెడా, ప్లెయినా?

ఘాట్‌రోడ్ పిచ్చోడు:
అన్నలూ, ఆర్ఎస్ 230 ముందు డిస్కులు మార్చే టైమొచ్చింది. అంచు మీద వేలు పెడితే గట్టు తగులుతోంది, 100 మీద బ్రేక్ పట్టితే స్టీరింగ్ వణుకుతోంది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్, వీలు కుదిరితే శ్రీశైలం ఘాట్. ట్రాక్ ముచ్చట లేదు. రాణిగంజ్‌లో ఒకాయన "చిల్లులున్నవి వేయించు సార్, బండి లుక్కే మారిపోద్ది" అంటాడు, పక్క షాపాయన స్లాటెడే (మొహం మీద గాట్లు చెక్కినవి) అంటాడు. ఏం తీసుకోమంటారు?

స్పానర్ బాబాయ్:
లుక్కు కోసమైతే చిల్లులవి తీసుకో, బ్రేకుల కోసమైతే వద్దు. పాతకాలం ప్యాడ్లు వేడెక్కితే గ్యాస్ వదిలేవి, అది పోవడానికి పెట్టిన చిల్లులవి. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ దాదాపు లేదు. పైగా ఇనుము తగ్గితే వేడిని దాచుకునే చోటూ తగ్గుతుంది, వరసగా గట్టిగా బ్రేకులు పడితే చిల్లు అంచునే పగులు మొదలవుతుంది. స్లాటెడ్ నయం, ప్యాడ్ మొహాన్ని శుభ్రంగా ఉంచుతుంది, కానీ కొంచెం గరగరమంటుంది, ప్యాడ్లనీ త్వరగా తింటుంది. నీ వాడకానికి మంచి కంపెనీ ప్లెయిన్ వెంటిలేటెడ్ (మధ్యలో గాలి దారులున్న) డిస్కులు చాలు. మిగిలిన డబ్బు ప్యాడ్ల మీద పెట్టు.

నల్లమల రైడర్:
బాబాయ్ మాటే నాదీ. ఘాట్ దిగేటప్పుడు ముందు చేతులెత్తేసేది చాలాసార్లు డిస్కు కాదు, బ్రేక్ ఫ్లూయిడ్. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, మరిగే పాయింట్ పడిపోతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లు దాటితే పాతది తీసేసి కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ పోయించు. దిగేటప్పుడు డీఎస్‌జీని (నీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని) మాన్యువల్‌లో పెట్టి కింది గేర్‌లో దిగు భాయ్, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకు.

ఘాట్‌రోడ్ పిచ్చోడు:
మెకానిక్ వెర్నియర్ పెట్టి చూసి మందం ఇంకా ఉంది, లేత్ పట్టించి మొహం చదును చేయిస్తే వణుకు పోద్ది అంటున్నాడు. నిజమేనా?

స్పానర్ బాబాయ్:
వెర్నియర్ దవడలు ఆ గట్టు మీదే కూర్చుంటాయి, అందుకే మందం ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటర్‌తో ప్యాడ్ రాసుకునే చోట కొలవమను. కనీస మందం మామూలుగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది, దానికి దగ్గర్లో ఉంటే లేత్ మాటే వద్దు. ఇంకో సంగతి, వణుకంటే డిస్కు వంకర పోయిందని అందరూ అంటారు గానీ చాలాసార్లు ప్యాడ్ పదార్థం ఒకచోట మందంగా అంటుకోవడమో, హబ్ (డిస్కు కూర్చునే భాగం) మొహాన తుప్పు ఉండటమో కారణం. ఆ తుప్పు గీకకుండా కొత్త డిస్కు బిగిస్తే అదీ కొన్నాళ్లకి వణుకుతుంది. బిగించాక డయల్ గేజ్ పెట్టి డిస్కు తిప్పి చూడమను, ముల్లు ఊగేది 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే హాయి. బోల్టులకి టార్క్ రెంచే వాడాలి, ఎయిర్ గన్ కాదు.

కూకట్‌పల్లి టర్బో:
ఓఆర్ఆర్ అన్నావు కాబట్టి చెప్తున్నా, 100 నుంచి ఆపడం కంటే 120 నుంచి ఆపేటప్పుడు బ్రేకుల మీద పడే శక్తి 44 శాతం ఎక్కువ. రీమ్యాప్ చేయించి (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుకుని) ప్యాడ్లు మాత్రం సగం ధరవి వేసేవాళ్లని చూస్తే నాకు నవ్వాగదు.

ఘాట్‌రోడ్ పిచ్చోడు:
సరే, ప్లెయిన్‌కే ఫిక్స్. బెడ్డింగ్ (కొత్త ప్యాడ్లని డిస్కులకి కుదిర్చే పని) ఓఆర్ఆర్ మీద చేయొచ్చా?

నల్లమల రైడర్:
వద్దు, వెనక లారీ ఉంటే ఏం చేస్తావ్? తెల్లారక ముందు ఖాళీ సర్వీస్ రోడ్డు చూసుకో. 80 నుంచి 20 దాకా, ఎనిమిది పది సార్లు, గట్టిగా పట్టు కానీ పూర్తిగా ఆపకు. తర్వాత బ్రేకు తొక్కకుండా కాసేపు తిప్పి చల్లార్చు. వేడి మీద పెడల్ తొక్కి నిలబడితే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది, మళ్లీ అదే వణుకు.

ఘాట్‌రోడ్ పిచ్చోడు:
థ్యాంక్స్ అన్నలూ. డిస్కులూ ప్యాడ్లూ కలిపే ఆర్డర్ పెడుతున్నా.

స్పానర్ బాబాయ్:
ఫ్లూయిడ్ కూడా అదే రోజు మార్పించేయ్, మళ్లీ చక్రాలు విప్పే పని తప్పుతుంది.