తక్కువ బడ్జెట్‌లో పాత మియాటా కొనవచ్చా?

ప్రశ్న: ఒహాయోలో ఉంటున్నాను. ఎనిమిది వేల డాలర్ల లోపు, పైకప్పు మడిచే పాత కారు కొనాలని ఉంది. 1991 నాటి మాజ్డా మియాటాను, 1978 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ కారును చూశాను. మరమ్మతులు నాకు పెద్దగా రావు. ఏది మేలో, కొనే ముందు ఏమేమి పరీక్షించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: మరమ్మతులు రావంటున్నారు కనుక మియాటాయే మేలండి. అయితే పెయింటు మెరుపు చూసి మురిసిపోకండి. పైకప్పు మీద పడిన వాననీరు సీట్ల వెనకనున్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. అవి ఆకులతో, మట్టితో పూడుకుపోతే నీరు లోపలే నిలిచి, వెనక చక్రానికి ముందు, తలుపు కిందనున్న రేకును లోపలి నుంచి తినేస్తుంది. మీ వైపు చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లుతారు కాబట్టి, కారును లిఫ్టుపైకి ఎత్తించి ఆ చోటు తప్పక చూడండి.

జవాబు 2: మియాటా తొలినాళ్ల 1.6 లీటర్ల ఇంజిన్లలో, తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ముందుకొస పొట్టిగా ఉండే రకం ఒకటుంది. అందులో ముందున్న పుల్లీని (బెల్టు చక్రాన్ని) బిగించే బోల్టు వదులైతే, అది జారకుండా పట్టే కీ గాడి అరిగిపోతుంది. ఇంజిను తిరుగుతున్నప్పుడు పుల్లీ ఊగుతోందేమో గమనించండి. ఇంజిన్ కవాటాలను సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు మార్చాలి. మార్చిన రసీదు చూపకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

జవాబు 3: ఎంజీబీకి విడిభాగాలు ఇప్పటికీ సులువుగానే దొరుకుతాయి. కానీ 1978 నాటిదంటే రబ్బరు బంపరు కారు. వాటిని కాస్త ఎత్తు పెంచి తయారుచేశారు కనుక మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతాయి. క్రోమ్ బంపరు కార్ల కంటే చవకగా రావడానికి అదీ ఒక కారణమే.