అప్‌డేట్: మా వీధి కుళాయి నీళ్ళ టెస్ట్ రిజల్ట్

మొన్న అడిగాను కదండీ, మాది కోనసీమ, కాలవలకి నీళ్ళు ఆపేశాక కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయి, పిల్లలకి విరేచనాలు, ఆర్వో పెట్టించాలా అని. మీలో కొందరు ముందు టెస్ట్ చేయించమన్నారు, హెచ్‌టూఎస్ సీసా (నీళ్ళలో మలం తాలూకు క్రిములుంటే నల్లబడే టెస్ట్ సీసా) తెచ్చి గీత దాకా నీళ్ళు పట్టి ఉంచితే మర్నాటికి సిరా పోసినట్టు నల్లగా అయిపోయింది, అది చూసి అమ్మ బిందెలో నీళ్ళన్నీ పారబోసేసింది. తర్వాత ల్యాబ్‌లో ఈ.కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఉందన్నారు, తాగేనీళ్ళు 100 మి.లీ.లో అసలు కనపడకూడదట అది.

నేను ట్యాంకుకొచ్చే చెరువు నీళ్ళనే అనుమానించా గానీ ట్యాంకు దగ్గర క్లోరిన్ టెస్ట్ చుక్కలు వేసి చూస్తే పసుపు రంగు బానే వచ్చింది, మా వీధి చివర కుళాయికొచ్చేసరికి రంగే లేదు, కుళాయి దగ్గర కనీసం లీటరుకి 0.2 మి.గ్రా. క్లోరిన్ ఉండాలి. వెతికితే మురుగు కాలవ కింద పైపు జాయింట్ ఊడుంది. నీళ్ళు వదిలినంతసేపు బయటికి కారుతుంది, ఆపగానే అదే కన్నంలోంచి మురుగు లోపలికి పోతుంది. పైగా కుళాయికి డైరెక్టుగా మోటార్లు పెట్టి లాగుతున్నారు, దయచేసి అది మానండి, ఆ లాగుడుకి పక్కింటి పసిపిల్లలు కూడా మురుగే తాగుతారు.

జాయింట్ మార్చి, లైన్ కడిగి, క్లోరిన్ వేశారు. ఓఆర్‌ఎస్ పట్టాం, పిల్లలు తేరుకున్నారు. ఆర్వో పెట్టించడం ఇప్పటికి ఆపేశాం. కొత్త సీసా నల్లబడలేదు, అయినా ల్యాబ్ రిపోర్ట్ మళ్ళీ వచ్చేదాకా తెర్లించిన నీళ్ళే తాగుతున్నాం.