ఒకే కంపెనీ, రెండు లెక్కలు: లోకల్ గ్యాప్‌తో పాటు ఐఎఫ్ఆర్ఎస్ కూడా చేస్తున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

నడిరాత్రి_లెడ్జర్
మా కంపెనీని ఈమధ్యే ఒక లిస్టెడ్ గ్రూపు కొనుక్కుంది. ఇకనుంచి మూడు నెలలకోసారి వాళ్లకి ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ ఆర్థిక నివేదన ప్రమాణాలు) ప్రకారం అంకెలు పంపాలి. చట్టానికి చూపేవీ, పన్నుకీ డివిడెండుకీ ఆధారమయ్యేవీ మాత్రం ఎప్పటిలాగే లోకల్ గ్యాప్ (స్థానిక అకౌంటింగ్ నియమాలు) లెక్కలే. మా ఫైనాన్స్ హెడ్ గారు "తేడాలు ఓ పది ఎంట్రీలేగా, ఎక్సెల్‌లో వేసేద్దాం" అంటున్నారు. నాకేమో గుబులుగా ఉంది. రెండో లెడ్జర్ తెరవాలా, ఎక్సెల్ సరిపోతుందా? ఈ పని చేసినవాళ్లు చెప్పండి.

చిట్టా_ఆవర్జా
పది ఎంట్రీలే, ఆయనన్నది అబద్ధమేం కాదు. మేమూ అలాగే మొదలెట్టాం. మొదటి ఏడాది హాయిగా గడిచింది. రెండో ఏడాది మా ఐఎఫ్ఆర్ఎస్ ఓపెనింగ్ ఈక్విటీ (ఏడాది ఆరంభంలో యజమానుల వాటా), నిరుడు మేమే పంపిన క్లోజింగ్‌తో కలవలేదు. రెండు రాత్రులు కూర్చుంటే దొరికింది. అసలు పుస్తకంలో ఐఎఫ్ఆర్ఎస్ ఎంట్రీలు ఉండవు కదా. అందుకని నిరుడు లాభనష్టాల్లో వేసిన ప్రతి సవరణనీ ఈ ఏడాది ముందుగా రిటైన్డ్ ఎర్నింగ్స్ (పోగైన లాభాలు)లోకి మళ్లీ ఎక్కించుకోవాలి. ఈ ఏడాది కదలిక ఆ తర్వాత. మేం సగం ఎక్కించి సగం మరిచాం.

మూడో ఏడాదికి ఆ షీటు కట్టిన అమ్మాయి ఉద్యోగం మారింది. ఒక గడిలో పెద్ద అంకె, పక్కన "సర్దుబాటు" అని ఒకే మాట. ఎందుకు సర్దారో తెలిసినవాళ్లెవరూ లేరు. ఆడిటర్ అడిగితే "నిరుడూ ఉందండీ" అన్నాం. అది జవాబు కాదన్నారు. నిజమే, కాదు మరి.

కుడిపక్క_క్రెడిట్
లీజులెన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఎక్సెల్ చాలుతుందో లేదో చాలావరకు అక్కడే తేలుతుంది.

ఏడాది చివర 100 చొప్పున మూడేళ్లు కట్టే లీజు, వడ్డీ 10 శాతం అనుకోండి. అద్దెను ఖర్చుగా రాసుకోనిచ్చే లోకల్ గ్యాప్‌లో ఏటా 100, పని అయిపోయింది. లీజుల స్టాండర్డ్ ఐఎఫ్ఆర్ఎస్ 16లో మొదటిరోజే 248.69 అప్పు, అంతే విలువకి ఆస్తి ఎక్కుతాయి. మొదటి ఏడాది తరుగుదల 82.90, వడ్డీ 24.87, కలిపి 107.77. రెండో ఏడాది 100.25, మూడో ఏడాది 91.99. పైసల తేడా వదిలేస్తే మూడేళ్లకీ కలిపి అటైనా ఇటైనా 300లే. కానీ ఏ ఏడాదికి ఆ ఏడాది లాభం వేరు. అద్దె అన్న పద్దే మాయమై తరుగుదల, వడ్డీ వస్తాయి కాబట్టి ఎబిట్డా (వడ్డీ, పన్ను, తరుగుదల తియ్యకముందు లాభం) ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. బ్యాంకు నిష్పత్తులు ఏ లెక్క మీద చూస్తారో అప్పు పత్రంలో రాసి ఉందా? మాకు రాసి లేదు. తర్వాత ఆ ఒక్క వాక్యం కోసం నెల్లాళ్లు తిరిగాం.

ఇంకోటి. పన్నువాళ్లు కట్టిన అద్దెనే ఖర్చుగా ఒప్పుకునే చోట, పై లీజులో మొదటి ఏడాది చివర అప్పు 173.55, ఆస్తి 165.79. ఆ తేడా మీద డిఫర్డ్ ట్యాక్స్ (తర్వాతి ఏళ్ల పన్ను మీద పడే ప్రభావం) రాయాలి. ఆస్తి, అప్పు మొదట ఎక్కించేరోజు తేడాకి ఇచ్చే మినహాయింపు పేరు చెప్పి తప్పించుకునే దారిని ఐఏఎస్ 12 (ఐఎఫ్ఆర్ఎస్‌లో భాగమైన ఆదాయపు పన్ను స్టాండర్డ్) సవరణ 2023 నుంచి మూసేసింది. మిగతా సవరణలు చాలావాటికీ ఇదే తోక.

తరుగుదల_తాత
నేను కాస్త ఎదురు చెబుతా. మేం భయపడి పూర్తి సమాంతర లెడ్జర్ తెరిచాం. ఎంట్రీ వేసే ప్రతివాడూ ఇది రెండింటికీనా, ఒకదానికేనా అని ఎంచుకోవాలి. ఎంచుకునే పని మనిషికి అప్పగించాక తప్పు రాకుండా ఉంటుందా? ఒక సరఫరాదారుడి బిల్లు ఐఎఫ్ఆర్ఎస్ లెడ్జర్‌లో మాత్రమే పడి నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో సూత్రం ఇది. స్థిరాస్తుల రిజిస్టర్‌లో మాత్రం రెండు తరుగుదలలు సిస్టమే లెక్కకట్టాలి. స్థిరాస్తుల స్టాండర్డ్ ఐఏఎస్ 16 ప్రకారం ముఖ్యమైన భాగాలను విడగొట్టాలి. మా కొలిమి షెల్ ఇరవై ఏళ్లు ఉంటుంది, లోపలి ఇటుక పూత నాలుగేళ్లకే పోతుంది. లోకల్‌లో రెండూ కలిపి ఒకే ఆస్తి. దీన్ని చేత్తో లాగడం ఎవరి తరమూ కాదు. మిగతావన్నీ పైనుంచి వేసే ఎంట్రీలే. ప్రతిదానికీ ఒక పేజీ నోటు ఉంటుంది: ఏ స్టాండర్డ్, ఎందుకు తేడా, ఎప్పుడు తిరిగి సున్నా అవుతుంది. మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ ఎంట్రీని నేను వెయ్యనివ్వను.

నడిరాత్రి_లెడ్జర్
లీజులు పద్నాలుగు. ఆస్తుల్లో భాగాలు విడగొట్టాల్సినవి మూడో నాలుగో. ఇంకో అనుమానం: గ్రూపుకి పంపడం మొదలెట్టగానే ఐఎఫ్ఆర్ఎస్ 1 ప్రకారం మేం "మొదటిసారి అనుసరించే కంపెనీ" అయిపోతామా? పాత ఏడాది అంకెలు, సమన్వయ పట్టికలు, అన్నీ చెయ్యాలా?

పాత_ట్రయల్_బ్యాలెన్స్
కారు. కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలన్నీ కలపడం) కోసం ప్యాకేజీ పంపడం వేరు, పూర్తి ఆర్థిక నివేదికలు ఐఎఫ్ఆర్ఎస్‌లో ఇవ్వడం వేరు. ఐఎఫ్ఆర్ఎస్ 1లోనే ఈ మాట ఉంది. రేపెప్పుడైనా మీ సొంత నివేదికలు ఐఎఫ్ఆర్ఎస్‌లో ఇస్తే అప్పుడు మొదటిసారి అనుసరించినట్టు. ఆ రోజు పోల్చే ఏడాది ఆరంభానికి వెనక్కి వెళ్లి ఓపెనింగ్ బ్యాలెన్స్ షీట్ కట్టాలి, ఈక్విటీ పాత లెక్క నుంచి కొత్త లెక్కకి ఎలా వచ్చిందో చూపాలి. పాత అంచనాలను ఇప్పుడు తెలిసిన సంగతులతో దిద్దడానికి వీల్లేదు.

మీరు భయపడాల్సింది ఇంకోచోట. మిమ్మల్ని కొన్నప్పుడు గ్రూపు మీ ఆస్తుల్లో దాదాపు అన్నిటికీ, కంపెనీల కొనుగోలు స్టాండర్డ్ ఐఎఫ్ఆర్ఎస్ 3 ప్రకారం ఫెయిర్ వాల్యూ (ఆ రోజు మార్కెట్ విలువ) కట్టి ఉంటుంది. మీ పుస్తకంలో లేని బ్రాండ్ విలువ, కస్టమర్ సంబంధాలు అక్కడ కనిపిస్తాయి. వాటి తరుగుదల వాళ్లు పైన వేసుకుంటారా, మిమ్మల్ని ప్యాకేజీలో వెయ్యమంటారా? రెండోదైతే మీకు రెండు కాదు, మూడు లెక్కలు. ఈ మాట ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోండి.

దూరదేశపు_డెబిట్
నేను జర్మనీలో ఉన్నాను. 2005 నుంచి యూరోపియన్ యూనియన్‌లో లిస్టెడ్ కంపెనీల కన్సాలిడేటెడ్ లెక్కలు ఐఎఫ్ఆర్ఎస్‌లో తప్పనిసరి. కానీ ఇక్కడ విడి కంపెనీ డివిడెండు మాత్రం ఈరోజుకీ హెచ్‌జీబీ (జర్మనీ వాణిజ్య చట్టం) లెక్కల మీదే. ఇన్నేళ్లయినా ఒక లెక్క ఇంకోదాన్ని మింగలేదు. కాబట్టి "కొన్నాళ్లు ఓపిక పడితే లోకల్ పోతుంది" అని ఎవరైనా అంటే ఎక్సెల్ మీద ఎక్సెల్ పేర్చకండి.

తరుగుదల_తాత
ఇండియావాళ్లు కూడా తమ దేశపు స్టాండర్డ్‌ల పేరు చెప్పి "మాది ఇండ్ ఏఎస్, కాబట్టి ఐఎఫ్ఆర్ఎస్సే" అంటుంటారు. చాలావరకు అంతే, పూర్తిగా కాదు. తక్కువ ధరకి కంపెనీ దొరికితే ఆ మిగులు ఐఎఫ్ఆర్ఎస్ 3లో లాభానికి వెళ్తుంది. ఇండ్ ఏఎస్ 103లో ఓసీఐ (లాభనష్టాల్లో కలపని ఇతర ఆదాయం) మీదుగా క్యాపిటల్ రిజర్వులో చేరుతుంది. పేర్లు కలిశాయని అంకెలు కలవవు.

చిట్టా_ఆవర్జా
2027 జనవరి 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకి ఐఎఫ్ఆర్ఎస్ 18 వస్తోంది, ఐఏఎస్ 1 స్థానంలో. లాభనష్టాల పట్టికను ఆపరేటింగ్, ఇన్వెస్టింగ్, ఫైనాన్సింగ్ అంటూ విడగొట్టాలి. పోల్చే ఏడాది కూడా అలాగే తిరగరాయాలి. ఖాతాల కోడ్‌లు ఎలాగూ కొత్తగా కడుతున్నారు కాబట్టి ఆ విభజన ఇప్పుడే పెట్టుకోండి. రెండుసార్లు గోడలు పగలగొట్టక్కర్లేదు.

నడిరాత్రి_లెడ్జర్
అందరికీ థాంక్స్. ఈ పోస్టులన్నీ మా హెడ్ గారి ముందు పెట్టాను. ఆస్తులకీ లీజులకీ సిస్టమ్, మిగతావాటికి నోటుతో ఎంట్రీలు, అక్కడికి ఒప్పుకున్నారు. పద్నాలుగు లీజుల కాగితాలు తిరగేస్తుంటే ఒక గోడౌన్ దగ్గర ఆగిపోయాను. ఏ పక్కవాళ్లయినా నెల నోటీసుతో రద్దు చేసుకోవచ్చని ఉంది. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాం. స్వల్పకాలిక లీజు అని అప్పుగా ఎక్కించకుండా వదిలెయ్యొచ్చా?

కుడిపక్క_క్రెడిట్
లోపల మీరు పెట్టిన ఖర్చెంత?

నడిరాత్రి_లెడ్జర్
ఫ్లోరింగ్, ర్యాకులు, చల్లటి గది. అన్నీ మావే. నిరుడే మళ్లీ వేయించాం.

కుడిపక్క_క్రెడిట్
అయితే వదిలెయ్యలేరు. ఒప్పందంలో రాసిన జరిమానానే కాదు, వదిలి వెళ్తే మీకు జరిగే నష్టం కూడా చూడమని 2019లో ఐఫ్రిక్ (ఐఎఫ్ఆర్ఎస్ వివరణల కమిటీ) చెప్పింది. ఆ చల్లటి గది ఆయుష్షు ఎన్నేళ్లో కనుక్కుని రండి, అక్కణ్నుంచి మొదలుపెడదాం.