గర్భాశయ ముఖద్వార కేన్సర్ కోసం చేసే వీఐఏ పరీక్షకు ఆడకూలీలు రావడం లేదు, మీ దగ్గర ఎలా రప్పిస్తున్నారు?

పల్నాడు ఎంఎల్‌హెచ్‌పీ:
నేను పల్నాడు జిల్లాలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా పనిచేస్తున్నాను. ముప్పై దాటిన వాళ్లందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కేన్సర్ స్క్రీనింగ్ చేయించాలి. ఆశా అక్క, నేను ఇంటింటికీ తిరుగుతాం. బీపీ, షుగర్ అంటే చెయ్యి చాపుతారు, ఫారంలో ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్తారు. వీఐఏకి పీహెచ్‌సీకి రమ్మంటే మాత్రం "అట్టాగేలేమ్మా, వస్తాం" అంటారు, ఒక్కరూ రారు. మా ఎస్సీ కాలనీలో, తండాలో దాదాపు అందరూ కూలీలే. ఇప్పుడు మిరప కోతలు, పొద్దున ఏడింటికే ఆటో ఎక్కేస్తారు. కాయ తూకాన్ని బట్టి డబ్బులు కాబట్టి ఒక పూట మానేయమని అడగడానికి నాకే నోరు రావడం లేదు.

అవగాహన లేదని పైవాళ్లు అంటారు గానీ నాకలా అనిపించడం లేదు. మొన్న ఒకావిడ కాయలు ఆరబోస్తూనే చెప్పింది: "మా తోటికోడలికి తెల్లబట్ట అవుతోందని పట్నం తీసుకుపోతే, ఇది కేన్సర్‌లోకి దిగుద్దని బెదిరించి సంచి తీసేశారు. ముప్పై మూడేళ్లమ్మా దానికి. అప్పు ఇంకా తీరలేదు. మీరు చెప్పేది కూడా అదేగా?" ఆవిడకి ఏం చెప్పాలి? ఎవరైనా మీ ఊళ్లో ఏం చేస్తే పని జరిగిందో చెప్పండి.

రిటైర్డ్ ఏఎన్ఎం, ప్రకాశం:
అమ్మా, ముందు రోజు మార్చు. మంగళవారం పొద్దున పదింటికి క్యాంపు అంటే అది జీతం వచ్చేవాళ్లకి కుదిరే టైము, కూలికి పోయేవాళ్లకి కాదు. మీ కాలనీలో చర్చి ఉంటే ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ ఇళ్లల్లోనే ఉంటారు, పాస్టరమ్మ గారితో ముందే మాట్లాడు, ఆమె ఒక్క మాట చెప్తే మనం పది మాటలు చెప్పక్కర్లేదు. తండాకి ఇది కుదరదు, అక్కడ ముఠా మేస్త్రీని కలువు, కోతకి కోతకి మధ్య ఖాళీ ఎప్పుడో ఆయనకే తెలుసు. ఇంకో సంగతి, ఇంట్లో అత్తని వదిలేసి కోడలితో మాట్లాడితే పని జరగదు. అత్తకి కూడా పరీక్ష చెయ్యి, రొమ్ము చూడు, నోరు చూడు, ఆమే కోడల్ని పంపిస్తుంది. డ్వాక్రా మీటింగులో చెప్పు గానీ అక్కడ పేర్లు చదివి "నువ్వెందుకు రాలేదు" అని మాత్రం అడగొద్దు, సిగ్గుపడి మళ్లీ నీ మొహం చూడరు.

గైనిక్ డాక్టర్, ఏరియా ఆస్పత్రి:
ఆవిడ అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. అలాంటి చోట "లోపల పరీక్ష" అనగానే ఆపరేషన్, అప్పు గుర్తొస్తాయి. కాబట్టి మీరు మొదట చెప్పాల్సింది కేన్సర్ గురించి కాదు. "ఈ పరీక్షలో సంచి తీయడం ఉండదు, పైసా ఖర్చు లేదు, తెల్లబట్ట అయినంత మాత్రాన కేన్సర్ కాదు, అది ఎక్కువసార్లు మందులతో తగ్గే ఇన్ఫెక్షనే" అని చెప్పండి. తర్వాత పరీక్ష ఎలా ఉంటుందో వివరంగా చెప్పండి: వెనిగర్ లాంటి పల్చటి ద్రావణం దూదితో రాస్తాం, ఒక నిమిషం ఆగి చూస్తాం, తెల్లమచ్చ వచ్చిందా లేదా, అంతే. మచ్చ వచ్చినా కేన్సర్ అని కాదు. ఈ కేన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకిన దగ్గర్నుంచి కేన్సర్ అయ్యేదాకా మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. మధ్యలో పట్టుకుంటే చాలామందికి థర్మల్ అబ్లేషన్‌తో, అంటే ఆ మచ్చని వేడితో కాల్చేయడంతో పని అయిపోతుంది, మత్తు కూడా అక్కర్లేదు.

ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారు. సగం మందికి ఇదే వీఐఏ పరీక్ష రెండేళ్లకోసారి చేశారు, చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనేమో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 1.9 శాతం. పరికరం లేక కాదు, ఖరీదై కాదు. ఇది నాకు చాలా బాధ.

ఒక జాగ్రత్త: ముట్లుడిగిన వాళ్లలో వీఐఏ అంత నమ్మకంగా ఉండదు, చూడాల్సిన భాగం లోపలికి పోతుంది. వాళ్లకి హెచ్‌పీవీ పరీక్ష దొరికితే అది మేలు. దానికైతే శాంపిల్ చాటున ఆమే తీసుకోవచ్చు, సిగ్గుపడేవాళ్లకి అదే మంచి దారి.

శ్రీకాకుళం ఆశా:
మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి తెల్లగా అయిపోయి ఉంటుంది, బుగ్గలు మాత్రమే చూస్తే దొరకదు, తల వెనక్కి వాల్పించి టార్చి పైకి వేయాలి. నేను మొదలుపెట్టేది నోటితోనే. నోరు తెరవడానికి ఎవరికీ సిగ్గు లేదు. అలా పరిచయం అయ్యాక మిగతా మాట ఎత్తుతాను.

కూలి తల్లి కూతురు, హైదరాబాద్:
నేను వైద్యం చదవలేదు, మా అమ్మ గురించి చెప్తాను. అమ్మకి రొమ్ములో గడ్డ ఉందని క్యాంపులోనే చెప్పారు. ఒక చీటీ చేతికిచ్చి పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. ఏ గదికి, ఎవర్ని అడగాలి, ఏమీ లేదు. ఓపీ చీటీ ఒక రోజు, స్కానింగ్ ఒక రోజు, రిపోర్టు ఇంకో రోజు. బస్సు ఆడవాళ్లకి ఫ్రీనే, కానీ పోయిన కూలి ఎవరిస్తారు, నాన్న తోడు వెళ్తే ఆయన కూలి కూడా పోతుంది. అమ్మ మధ్యలోనే ఆపేసింది, నేను సెలవు పెట్టి వెళ్లి లాక్కెళ్లాను. అదృష్టం, మామూలు గడ్డే. మా వీధిలో అందరూ ఇది చూశారు, ఇప్పుడు క్యాంపు అంటే ఎవరూ కదలరు. మేడమ్, మీరు పిలిచేముందు తర్వాతి మెట్టు ఏంటో చూసుకోండి. ఎవరికైనా తేడా వస్తే ఆమెతో వెళ్లే మనిషి ఎవరు?

పల్నాడు ఎంఎల్‌హెచ్‌పీ:
అందరికీ థ్యాంక్స్. ఈ చివరి మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) కేన్సర్ బ్లాక్ ఉంది, నిర్ధారణ అయ్యాక ఉచిత వైద్యానికి వైద్యసేవ కార్డుంది, కానీ మా ఊరి నుంచి ఆ తలుపు దాకా మధ్యలో ఎవరూ లేరు. రేపు మా మెడికల్ ఆఫీసర్‌ని రెండు అడుగుతాను: ఆదివారం పీహెచ్‌సీ తెరిచి ఆడ స్టాఫ్‌నర్సుని ఉంచి, దానికి బదులు వేరే రోజు సెలవివ్వడం, తేడా వచ్చినవాళ్లతో మొదటిసారి ఆశా అక్కో నేనో వెళ్లి అన్ని పరీక్షలూ ఒకే రోజు అయ్యేలా ముందే ఫోన్లో మాట్లాడుకోవడం. ఆశా అక్క వెళ్తే ఆమెకి ఆ రోజు డబ్బులు ఏ పద్దు కింద ఇవ్వొచ్చు? ఎవరైనా ఇప్పించి ఉంటే చెప్పండి, అది తేలితే ఈ నెలలోనే మొదలుపెడతాను.