చాపెల్‌లో నలభై స్పీకర్లు: కళా, అపచారమా?

కృష్ణ ఒడ్డు:
2013లో న్యూయార్క్ క్లాయిస్టర్స్ మ్యూజియంలోని ఫ్వెంటిదుఎన్యా చాపెల్‌లో (చిన్న ప్రార్థనామందిరంలో) కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ తన శబ్ద కళాకృతి ‘ఫార్టీ పార్ట్ మోటెట్’ పెట్టారు. ఇంగ్లండ్ స్వరకర్త థామస్ టాలిస్ 16వ శతాబ్దంలో నలభై గొంతులకు కట్టిన లాటిన్ ప్రార్థన అందులోని పాట. సాలిస్‌బరీ కథీడ్రల్ బృందం పాడుతుంటే ఒక్కో గొంతునూ విడిగా రికార్డు చేసి, నలభై స్పీకర్లలో వినిపిస్తారు. దేవుడికి పాడాల్సింది మనిషి. కరెంటు పోతే ఆగిపోయే ప్రార్థన ఏం ప్రార్థన? నాకైతే మింగుడు పడలేదు.

చెవులపిల్లి:
అక్కడ ఆరాధన ఎక్కడ జరుగుతోందండీ? స్పెయిన్‌లో ఒక పాడుబడ్డ చర్చి నుంచి 12వ శతాబ్దపు రాళ్లు విప్పి, ఓడలో తెచ్చి ఆ చాపెల్‌లో మళ్లీ పేర్చారు. అపచారం అనాలంటే ఆ విప్పడం దగ్గరే మొదలుపెట్టాలి. స్పీకర్ల వంతు చాలా తర్వాత.

ముత్యాలమ్మ వీధి:
నేను ఇదే కెనడాలోని ఒటావా నేషనల్ గ్యాలరీలో, రీడో చాపెల్‌లో విన్నాను. అదీ 1972లో కూలగొట్టిన క్రైస్తవ సన్యాసినుల కాన్వెంటుదే, లోపలి భాగం మాత్రం భద్రపరిచి గ్యాలరీలో మళ్లీ కట్టారు. స్పీకర్లు మనిషి ఎత్తున అండాకారంలో నిలబడి ఉంటాయి. మధ్యలో ఉంటే అంతా కలిసి హోరు. ఒకదానికి చెవి ఆనిస్తే ఒకే గొంతు, మధ్యలో గబుక్కున ఊపిరి పీల్చడంతో సహా. చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లకు ఇది ఏనాడైనా వినబడిందా?

కృష్ణ ఒడ్డు:
పదకొండు నిమిషాల పాట అయ్యాక మూడు నిమిషాలు దగ్గులూ, కబుర్లూ కూడా వినిపిస్తారు. అదీ భక్తేనా?

ముత్యాలమ్మ వీధి:
మన భజన మండలిలో హార్మోనియం సర్దుకునేలోపు ఏం జరుగుతుందో మీకు తెలియదా? నాకు ఆ మూడు నిమిషాలే బాగా నచ్చాయి. అంతసేపూ దేవదూతల్లా పాడినవాళ్లు ఒక్కసారిగా మామూలు మనుషులైపోతారు.

రాతి మండపం:
మీరంతా పూజ ఆగిపోయిన చోట్ల గురించే మాట్లాడుతున్నారు. హంపి విఠలాలయం తీసుకోండి. అక్కడా పూజ లేదు. మీటితే స్వరాలు పలికే రాతి స్తంభాలున్నాయి, దెబ్బతింటాయని ఇప్పుడు మీటనివ్వరు. రాతిని ముట్టుకోకుండా, దూరంగా స్పీకర్లు పెట్టి ఆ నాదం వినిపిస్తామంటే నేను ఒప్పుకుంటాను. నిత్యపూజ జరిగే గుడైతే మాత్రం కళాకారుడి పేరు ఎంత పెద్దదైనా సరే, ముందు అర్చకుల్నీ, రోజూ వచ్చే భక్తుల్నీ అడగాలి. వాళ్లు వద్దంటే వద్దు.

చెవులపిల్లి:
భక్తుల్ని అడగాలా? పండగొస్తే మైకు సెట్టు వాల్యూమ్ పెంచేది వాళ్లే కదండీ!

కృష్ణ ఒడ్డు:
ఆ మైకులో పాడే మనిషి గుళ్లోనే ఉంటాడు, రాగం తప్పినా సరే. నా గొడవంతా అదే.