ఫుట్‌బాల్ క్లబ్బు అధికారి మా సేవా సంఘానికి వస్తున్నారు: ఏ విషయం మీద మాట్లాడమని అడగాలి?

మహదేవపుర కార్యదర్శి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బెంగళూరు తూర్పున మహదేవపుర, మారతహళ్ళి ప్రాంతాల వారితో నడిచే ఒక సేవా సంఘానికి ఈ ఏడాది కార్యక్రమాల బాధ్యత నేను చూస్తున్నాను. సభ్యుల్లో సగానికి పైగా తెలుగువారే. నెలకొక అతిథిని పిలిచి, భోజనానికి ముందు ఇరవై నిమిషాలు మాట్లాడించి, మరో పావుగంట ప్రశ్నలకు కేటాయించడం మాకు మొదటినుంచీ ఉన్న పద్ధతి. వచ్చే నెల సమావేశానికి ఒక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బులో పరిపాలన చూసే ఉన్నతాధికారి రావడానికి ఒప్పుకున్నారు. (ఇకమీదట ‘సంఘం’ అంటే మాది, ‘క్లబ్బు’ అంటే ఆయనది అనుకోండి, లేకపోతే ఈ చర్చలో ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలియకుండా పోతుంది.)

ఏ అంశం మీద మాట్లాడాలో రాసి పంపమని ఆయన కార్యాలయం వారు అడిగారు. ఇక్కడే మాలో ఏకాభిప్రాయం కుదరడం లేదు. ‘భారతదేశంలో ఫుట్‌బాల్ భవిష్యత్తు’ అని పెడదామని అధ్యక్షులవారి ఉద్దేశం. భారత ఫుట్‌బాల్ తార సునీల్ ఛెత్రి గురించి నాలుగు ముచ్చట్లు చెప్పిస్తే చాలునని కొందరంటున్నారు. గతంలో ఒక క్రీడాసంస్థ నుంచి వచ్చిన వక్త మాకు పది నిమిషాల వీడియో చూపించి, టికెట్ల కరపత్రాలు బల్లల మీద పెట్టించి, ప్రశ్నల సమయానికి విమానం ఉందని వెళ్ళిపోయారు. అది పునరావృతం కాకూడదన్నదే నా ఆరాటం.

మా సంఘం ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలకు చాలాకాలంగా సాయం చేస్తోంది. బడి వెనక సగం మట్టి, సగం కంకర ఉన్న ఖాళీ స్థలంలో పిల్లలు సాయంత్రాలు బంతాట ఆడుతుంటారు. ఈ సమావేశం వల్ల వారికేమైనా మేలు జరిగేలా చూడవచ్చునా? అలాగే, 2025లో ఇండియన్ సూపర్ లీగ్ (దేశంలో క్లబ్బుల మధ్య జరిగే ప్రధాన ఫుట్‌బాల్ పోటీ) ఆగిపోయి ఆటగాళ్ళ జీతాలు నిలిచిపోయిన సంగతి అందరికీ తెలిసిందే కదా, దాని గురించి అడిగితే అతిథిని ఇబ్బంది పెట్టినట్టవుతుందా? అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

ఆస్టిన్ టౌన్ పాత ఆటగాడు (జవాబు):

కార్యదర్శి గారూ, ‘భారతదేశంలో ఫుట్‌బాల్ భవిష్యత్తు’ అన్న శీర్షిక మాత్రం దయచేసి పెట్టకండి. ఆ అంశం మీద ఏ అధికారి అయినా నిద్రలో లేపినా ఇరవై నిమిషాలు మాట్లాడగలరు, మాట్లాడాక మీ చేతిలో ఏమీ మిగలదు. ఆయన రోజూ స్వయంగా నిర్ణయాలు తీసుకునే విషయమే అడగండి. నన్నడిగితే, ‘సొంతగడ్డ మీద ఒక మ్యాచ్ జరపాలంటే క్లబ్బు ఏమేం చేయాలి, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది’ అన్నదే అంశంగా పెడతాను.

నేను కొంతకాలం మ్యాచ్ రోజుల్లో స్వచ్ఛందంగా పనిచేశాను కనుక దీన్ని కాస్త దగ్గరగా చూశాను. ఆట రాత్రికి అయితే పని మధ్యాహ్నానికే మొదలవుతుంది. పోలీసు, అగ్నిమాపక శాఖల అనుమతి పత్రాల దస్త్రం ఒకరి చంకలో ఉంటుంది. అంబులెన్సు ఏ గేటు దగ్గర ఆగాలి, అభిమానులు తెచ్చే డప్పులూ బ్యానర్లూ ఏ గేటు నుంచి లోపలికి రావాలి, నీళ్ళ సీసాలు బయటే ఎవరు ఆపాలి అన్నవే మొదట తేల్చుకుంటారు. తారలు మైదానంలోకి వచ్చేసరికి ఈ అధికారుల పని ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది. మన శ్రీకంఠీరవ స్టేడియం ప్రభుత్వానిది. పైగా చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉన్న అథ్లెటిక్స్ స్టేడియం. దాన్ని ఎవరు ఎప్పుడు వాడుకోవాలన్న విషయంలో అథ్లెటిక్స్ వారికీ ఫుట్‌బాల్ వారికీ మధ్య తగువు న్యాయస్థానం దాకా వెళ్ళింది. సొంత మైదానం లేని క్లబ్బు అద్దె ఇంట్లో కాపురం పెట్టినట్టే, మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. మీ సభ్యుల్లో చిన్న పరిశ్రమలు నడిపేవారు ఉంటే వారికి ఈ సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది.

జీతాల ప్రశ్న విషయానికొస్తే, దాని వెనక ఉన్న ఒప్పందాన్ని ముందుగా తెలుసుకుని అడిగితే అది అమర్యాద కాదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010 డిసెంబరులో తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ళకు రూ. 700 కోట్ల ఒప్పందం మీద ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ దాని మీదే నిలబడింది. గడువు 2025 డిసెంబరుకు ముగియనుండగా కొత్త ఒప్పందం కుదరకపోవడంతో, ఆ ఏడాది జూలైలోనే తర్వాతి సీజన్‌ను నిర్వాహకులు పక్కన పెట్టారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా నిలిపివేస్తున్నట్టు బహిరంగంగా ప్రకటించింది. అదే ప్రకటనలో యువజట్లనూ పిల్లల శిక్షణ కేంద్రాలనూ కొనసాగిస్తామని కూడా చెప్పింది. కాబట్టి ‘మీరు జీతాలు ఎగ్గొట్టారా?’ అని అడగడం కంటే, ‘లీగు ఆగితే క్లబ్బులో ఏ పని ఆగదు, ఎందుకు ఆగదు?’ అని అడిగితే నిజమైన సమాధానం వస్తుంది.

లెక్కల మనిషి (జవాబు):

నేను చార్టర్డ్ అకౌంటెంటును, కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చుల లెక్కలు చూస్తుంటాను. పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. సేవా సంఘం ముందు మాట్లాడటానికి వచ్చే క్లబ్బు అధికారి ప్రసంగం చివర్లో ‘కలిసి పనిచేద్దాం’ అంటారు. అది సహజమే, తప్పూ కాదు. అయితే ఆ మాటకు మీ సభ్యుల్లో కంపెనీలు నడిపేవారు అక్కడికక్కడే డబ్బు ఇస్తామని మాట ఇచ్చేయకుండా చూడండి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ. 500 కోట్లు, లేదా టర్నోవరు రూ. 1,000 కోట్లు, లేదా నికర లాభం రూ. 5 కోట్లు లేదా అంతకు మించి ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ ఉంది కనుక పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించడం అందులోకి వస్తుంది. జెర్సీ మీద కంపెనీ పేరు వేయించుకోవడం, మైదానం చుట్టూ బోర్డు పెట్టించుకోవడం మాత్రం రావు; ప్రచార లాభం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను 2021 సవరణ స్పష్టంగా మినహాయించింది. అంతేకాక డబ్బు అందుకుని పని చేసిపెట్టే సంస్థ సీఎస్‌ఆర్-1 అనే నమోదు పత్రం (సీఎస్‌ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యతే) దాఖలు చేసి నమోదు సంఖ్య పొంది ఉండాలి.

అందుచేత మీరు అడగవలసిన ప్రశ్న పొడిగానే ఉంటుంది: పిల్లల కార్యక్రమాన్ని నడిపేది క్లబ్బు కంపెనీయా, లేక దానికి వేరే ట్రస్టు గానీ ఫౌండేషన్ గానీ ఉన్నదా? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు వస్తే ఆయన ముందుగా సిద్ధపడి వచ్చారని అర్థం. కనుక్కుని చెబుతామన్నా తప్పులేదు, కానీ చెప్పేదాకా చెక్కు రాయకండి.

సికింద్రాబాద్ నుంచి ఇటు వచ్చినవాణ్ణి (జవాబు):

పెద్దలు మైదానం గురించీ లెక్కల గురించీ చెప్పారు. సభలో సగం తెలుగువారే అంటున్నారు కనుక మన వైపు ప్రశ్న ఒకటి నేను జోడిస్తాను.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు, బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారే భారత జట్టుకు శిక్షకుడిగా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళారు. మీ సభ్యులు ముచ్చట్లు వినాలనుకుంటున్న ఛెత్రి పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే. ఇంత ఉన్నా, 2019లో ఏర్పడి 2022లో లీగు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. అభిమానుల్ని అడిగినవారు లేరు. అదీ పుణె క్లబ్బు స్థానంలో వచ్చినదే కదా, ఇప్పుడు ఢిల్లీకి వెళ్ళిందని సమాధానపడేవారూ ఉన్నారు గానీ, గచ్చిబౌలి స్టేడియంలో ఆ క్లబ్బు పసుపు చొక్కాలు వేసుకుని కూర్చున్న మాలాంటివారికి అది ఓదార్పు కాదు.

కాబట్టి నేనైతే ఆయన్ను ఇలా అడుగుతాను: ఏ పరిస్థితి వస్తే మీ క్లబ్బు ఈ ఊరు విడిచి వెళ్ళవలసి వస్తుంది? ఆస్టిన్ టౌన్ పెద్దాయన మెత్తగా అడగమన్నారు. ఈ ఒక్కటి మాత్రం సూటిగా అడగాలనే నా అభిప్రాయం, ఎందుకంటే మీ బడి పిల్లల బాధ్యతను ఒకరికి అప్పగించే ముందు వారు ఇక్కడ ఎన్నాళ్ళుంటారో తెలుసుకునే హక్కు మీకుంది. హలసూరు పక్కనున్న గౌతమపురలో పెలే విగ్రహం ఉంది. ఆ వీధుల్లో ఆట ఏ క్లబ్బూ పుట్టకముందు నుంచీ ఉంది, ఏ క్లబ్బు వెళ్ళినా ఉంటుంది. మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్ల మధ్య అలాంటి పునాది లేదు గదా.

ఇంకొక చిన్న సంగతి. మీ పిల్లల్లో ఎవరైనా బాగా ఆడితే వారి నమోదు గురించి అడగండి. ఆటగాడు డబ్బు చెల్లింపుతో విదేశీ క్లబ్బుకు మారినప్పుడు, 12 నుంచి 23 ఏళ్ళ మధ్య అతనికి శిక్షణనిచ్చిన క్లబ్బులకు ఆ మొత్తంలో 5 శాతం పంచాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం. అంత దూరం వెళ్ళేవారు వేలల్లో ఒకరు కావచ్చు, కానీ వయసు ధ్రువపత్రంతో సహా సరైన నమోదు లేని పిల్లవాడు వయో విభాగాల పోటీల్లోనే ఇరుక్కుంటాడు. నమోదు పని క్లబ్బు చేసిపెడుతుందా, తల్లిదండ్రులే తిరగాలా అన్నది తేల్చుకోండి.

మాజీ అధ్యక్షుడు (జవాబు):

నేను వేరొక సేవా సంఘంలో ఇలాంటి సమావేశాలు చాలా నడిపాను. వక్త పరిచయం ఐదు వాక్యాలు దాటనివ్వకండి. తెర, ప్రొజెక్టరు ఏర్పాటు చేయలేమని ముందే మర్యాదగా తెలియజేస్తే వీడియో బెడద తప్పుతుంది. ముఖ్యమైన ప్రశ్నలు రెండు మూడు ముందుగానే కార్యాలయానికి పంపండి. ఎదురుచూడని ప్రశ్నకు ఏ అధికారీ సభలో నోరు విప్పరు. మైకు సభ్యుల చేతికి ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి, లేకపోతే ప్రశ్న అడగడానికి లేచినవారు 1986 మారడోనా దగ్గర మొదలుపెడతారు.

పిల్లల కార్యక్రమం దాకా మాట వెళితే, వచ్చే శిక్షకులకు కనీసం అఖిల భారత సమాఖ్య ఇచ్చే డి లైసెన్సు (శిక్షకుల అర్హతా పత్రం) ఉందా, ఆడపిల్లలు ఆడేటప్పుడు మహిళా శిక్షకురాలు ఉంటారా, బాలల రక్షణ నియమాలు లిఖితపూర్వకంగా ఉన్నాయా అన్నవి మొహమాటం లేకుండా అడగండి.

మహదేవపుర కార్యదర్శి:

అందరికీ కృతజ్ఞతలు. ‘ఒక మ్యాచ్ వెనక క్లబ్బు చేసే పని, ఊరితో దాని సంబంధం’ అన్న అంశాన్ని అధ్యక్షులవారు ఒప్పుకున్నారు. లీగు ఆగినప్పుడు ఆగని పనులేవి, పిల్లల కార్యక్రమాన్ని నడిపే సంస్థ ఏది, క్లబ్బు ఊరు విడిచే పరిస్థితి ఏది అన్న మూడు ప్రశ్నలు జాబులో రాసి ఈ ఉదయమే పంపించాను. మూడోది తీసేయమని మా కోశాధికారి గట్టిగా పట్టుబట్టారు. మాటలు కాస్త మార్చి ఉంచాను. ఒక సందేహం మాత్రం మిగిలింది. మా సమావేశాలకు సభ్యులే తప్ప బయటివారు రారు. పాఠశాల ప్రధానోపాధ్యాయినిని కూడా పిలవడం సబబుగా ఉంటుందా?

మాజీ అధ్యక్షుడు:

తప్పకుండా పిలవండి. ఆ స్థలం ఏ శాఖ పేరున ఉందో, అక్కడ గోల్ స్తంభాలు పాతడానికి ఎవరి సంతకం కావాలో ఆవిడకే తెలుస్తుంది. మొదటి ప్రశ్న ఆవిడనే అడగనివ్వండి. సమావేశం రాత్రి భోజనంతో ముగుస్తుంది కనుక, తిరిగి ఇంటికి చేర్చడానికి కారు సంగతి ముందే చూసుకోండి. మారతహళ్ళి రద్దీలో ఆ వేళకు ఆటో దొరకదు.